ఇంగ్లీషు పీహెచ్‌డీ కోసం అమెరికాకు దరఖాస్తు: రెండు డిసెంబర్లు, పద్నాలుగు దరఖాస్తులు

ఇంగ్లీషు సాహిత్యంలో పీహెచ్‌డీ చేయాలని అమెరికా విశ్వవిద్యాలయాలకు నేను రెండుసార్లు దరఖాస్తు పెట్టుకున్నాను. 2021 డిసెంబరులో ఎనిమిది చోట్లకు పంపితే ఎనిమిది చోట్లా కాదన్నారు. 2022 డిసెంబరులో ఆరు చోట్లకు పంపితే ఐదు చోట్ల కాదని, ఒకచోట మాత్రం వెయిట్‌లిస్టులో పెట్టి చివరికి సీటు ఇచ్చారు. ఎం.ఎస్. కంప్యూటర్స్‌కు వెళ్లేవారికి దారి చూపడానికి మన పట్టణాల్లో వీధికొక కన్సల్టెన్సీ ఉంది. ఇంగ్లీషు ఎం.ఏ. చదివి, పై చదువుకు వెళ్లాలనుకునేవారికి ఈ దారి ఎలా ఉంటుందో చెప్పేవారు మాత్రం నాకు చాలాకాలం దొరకలేదు. అందుకని జరిగింది జరిగినట్టుగా ఇక్కడ రాస్తున్నాను.

మాది విజయనగరం జిల్లా. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల ఎం.ఏ. కోస్తాలోనే పూర్తిచేసి, ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ ఉండేదాన్ని. మొదట అమెరికాలో ఇంకొక ఎం.ఏ. చేద్దామనే అనుకున్నాను. కాస్త వెతికిన తర్వాత తెలిసిందేమిటంటే, అమెరికాలో ఇంగ్లీషు ఎం.ఏ.కు చాలాచోట్ల ఫీజు మనమే కట్టుకోవాలి. పీహెచ్‌డీలో చేర్చుకుంటే మాత్రం సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండు, ఆరోగ్య బీమా ఇచ్చి, అందుకు బదులుగా అక్కడి మొదటి సంవత్సరం విద్యార్థులకు వ్యాసరచన పాఠాలు చెప్పిస్తారు. అప్పు చేసి ఇంగ్లీషు చదవడానికి మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. కాబట్టి ఐదారేళ్ల పీహెచ్‌డీ ఒక్కటే నాకు మిగిలింది. మన మూడేళ్ల డిగ్రీ వాళ్ల నాలుగేళ్ల డిగ్రీకి సరితూగదని కొన్ని విశ్వవిద్యాలయాలు అంటాయి గానీ, పైన ఎం.ఏ. ఉండటం వల్ల ఆ చిక్కు నాకు రాలేదు.

విశాఖలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, వాళ్లు ముందు జీఆర్ఈ, అంటే అక్కడి పై చదువుల ప్రవేశ పరీక్ష, రాయమన్నారు. నేను ఫీజు కట్టి, నాలుగు నెలలు మాటల పట్టికలు బట్టీ పట్టాను. అప్పటికే చాలా ఇంగ్లీషు శాఖలు జీఆర్ఈ అడగడం మానేశాయని, ఆంగ్ల సాహిత్యానికి ప్రత్యేకంగా ఉండే సబ్జెక్టు పరీక్షను 2021లో పూర్తిగా ఎత్తేశారని ఆ తర్వాత, ఒక్కొక్క శాఖ వెబ్‌సైటులో అర్హతల పేజీ స్వయంగా చదివినప్పుడు తెలిసింది. ఆ నాలుగు నెలలు రైటింగ్ శాంపిల్ (దరఖాస్తుతో పాటు పంపే నమూనా వ్యాసం) మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేదోనని ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇంగ్లీషు ఎంత వచ్చో చూసే టోఫెల్ పరీక్ష మాత్రం తప్పనిసరి అయింది. అప్పట్లో మొత్తం 120 మార్కుల్లో ఎంత వచ్చిందన్నదానితో పాటు మాట్లాడే విభాగంలో 30కి ఎంత వచ్చిందో విడిగా చూసేవారు, ఎందుకంటే మనల్ని వాళ్లు పాఠాలు చెప్పడానికి కూడా తీసుకుంటున్నారు. ఆ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది కాబట్టి రెండోసారి మళ్లీ రాయవలసిన అవసరం రాలేదు.

మొదటిసారి నేను చేసిన తప్పులు ఇప్పుడు చూస్తే స్పష్టంగా కనిపిస్తున్నాయి. ర్యాంకుల పట్టిక ముందు పెట్టుకుని పైనుంచి విశ్వవిద్యాలయాలను ఎంచుకున్నాను. రైటింగ్ శాంపిల్‌గా, ఒక విక్టోరియన్ నవలాకారుడి రచనల్లో విధి పాత్ర గురించి రాసిన నా ఎం.ఏ. డిజర్టేషన్‌లో ఒక అధ్యాయాన్ని కాస్త సరిచేసి పంపాను. మన ఎం.ఏ.లలో వందలమంది రాసిన విషయమే అది. అందులో నేను చెప్పినదానికంటే విమర్శకులు చెప్పినదే ఎక్కువ. ఏం చదవాలని, ఎందుకు వస్తున్నామో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను చిన్నప్పటి నుంచి సాహిత్యమంటే నాకు ప్రాణమన్న వాక్యంతో మొదలుపెట్టాను. 2022 ఫిబ్రవరి మొదటి వారం నుంచి మార్చి చివరి వరకు ఒకే తీరులో మెయిళ్లు వచ్చాయి. మీ దరఖాస్తు విషయంలో నిర్ణయం జరిగింది, పోర్టల్ తెరిచి చూసుకోండి అని ఉండేది. ఎనిమిదో మెయిలు వచ్చిన రోజు తెరవడానికి మనసు రాక, సాయంత్రం కాలేజీ నుంచి ఇంటికి వచ్చాక, మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని తెరిచాను.

ఆ వేసవిలో, స్నేహితురాలి ద్వారా, అమెరికాలో ఇంగ్లీషు పీహెచ్‌డీ నాలుగో ఏడు చదువుతున్న ఒక తెలుగు అక్కతో పరిచయమైంది. నా కాగితాలన్నీ పంపితే ఓపికగా చదివి, ఫోను చేసింది. “బాగానే రాశావమ్మా. కానీ ఇదంతా చదివాక, నువ్వేం తెలుసుకోవాలని వస్తున్నావో నాకు తెలియలేదు. చదువంటే ఇష్టమని అందరూ రాస్తారు. నీకు జవాబు దొరకని ప్రశ్న ఏమైనా ఉందా?” అని అడిగింది. నాకు అప్పటికప్పుడు చెప్పడానికి ఏమీ తోచలేదు. రెండు రోజుల తర్వాత ఫోను చేసి, ఒకటి ఉంది గానీ అది ఇంగ్లీషు శాఖకు పనికొస్తుందో లేదో తెలియదన్నాను.

ఆ ప్రశ్న గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ ముందుమాట గురించి. విజయనగరంలో పెరిగినవాళ్లకు ఆ నాటకం ఇంట్లో మాటే. 1892లో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో చాలా మార్చి, పెంచి మళ్లీ అచ్చువేసిన ఆ తెలుగు నాటకానికి గురజాడ గారు ముందుమాటను ఇంగ్లీషులో రాశారు. వాడుక భాషలో నాటకం రాయడాన్ని సమర్థించుకుంటూ రాసిన మాటలు అందులో ఉన్నాయి. విజయనగరం మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాలను లెక్క కట్టిస్తే 1,034 తేలాయని, వాటిలో ఏడాది వయసున్న పసిపిల్లల పెళ్లిళ్లు కూడా ఉన్నాయని చెప్పే లెక్కలూ ఉన్నాయి. తెలుగు మాట్లాడేవాళ్ల కోసం తెలుగులో రాసిన నాటకానికి, తెలుగు వాడుక భాష తరఫున చేసిన వాదన ఇంగ్లీషులో ఎవరి కోసం రాసినట్టు? నాటకంలో గిరీశం ఇంగ్లీషు ముక్కలతో వెంకటేశాన్ని మురిపించడాన్ని చూసి నవ్వుకునే పాఠకుడు, అదే పుస్తకం మొదటి పుటల్లోని ఇంగ్లీషును ఎలా చదవాలి? ఈ సందేహం నాకు ఎం.ఏ. రోజుల నుంచీ ఉంది. ఇంగ్లీషు క్లాసులో తెలుగు నాటకం గురించి అడగకూడదేమోనని ఎప్పుడూ అడగలేదు.

జూన్ నుంచి నవంబరు వరకు కాలేజీ పని అయ్యాక రోజూ ఈ వ్యాసం మీదే కూర్చున్నాను. చాలా శాఖలు 15 నుంచి 25 పుటల వరకు అడుగుతాయి. నాది ఇరవై పుటలకు వచ్చింది. అన్నింటికంటే ఎక్కువ కష్టపెట్టింది పేరులో ఉన్న మాటే. భారతదేశం, పెళ్లి, డబ్బు అనగానే అక్కడి పాఠకుడు వరకట్నం అనుకుంటాడు. ఇక్కడ డబ్బు ఇచ్చేది వరుడి వైపు, పుచ్చుకునేది పిల్ల తండ్రి. ఈ తేడాను వివరించడానికి మొదట ఒక పుటన్నర రాశాను. అది చదివితే వ్యాసం సంఘ చరిత్ర పాఠంలా మారిపోయింది. తర్వాత దాన్ని ఒక పేరాకు, ఆ తర్వాత నాలుగు పంక్తుల ఫుట్‌నోట్‌కు కుదించి, వ్యాసంలో మాత్రం శుల్కం అన్న మాటను అలాగే ఉంచేశాను. తెలుగు రాని కమిటీ చదువుతుంది కాబట్టి నాటకంలోంచి ఎత్తిన ప్రతి వాక్యానికీ నా అనువాదం పక్కన పెట్టి, అందులో ఏ మాట తెలుగులోనూ ఇంగ్లీషుగానే ఉందో గుర్తు పెట్టి చూపించాను. ఆ గుర్తులు పెడుతున్నప్పుడే, గిరీశం ఇంగ్లీషులోకి దాటే ఒక్కొక్క చోటును విడిగా చూడాలన్న ఆలోచన వచ్చింది; వ్యాసంలో బలమైన భాగం అదే అయింది.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ ఈసారి ఆ 1,034 అన్న అంకెతో మొదలైంది. రెండు పుటల్లో ప్రశ్న, దానికోసం ఇప్పటివరకు చదివింది, ఇంకా నేర్చుకోవలసింది, ఆ శాఖలో ఎవరి పని నాకు దగ్గరగా ఉందో రాశాను. మా ప్రొఫెసర్లలో ఒకరు, తెలుగు మీద పని అయితే దక్షిణాసియా అధ్యయన శాఖలకు పెట్టుకోవాలి గదా అన్నారు. అది న్యాయమైన సందేహమే. తెలుగు సాహిత్య పండితులు వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాలపాటు బోధించిన విస్కాన్సిన్–మాడిసన్ విశ్వవిద్యాలయంలోగానీ, తెలుగు కోసం ప్రత్యేకంగా ఒక పీఠమే ఉన్న ఎమరీ విశ్వవిద్యాలయంలోగానీ తెలుగు చదువు ఇంగ్లీషు శాఖలో సాగే పని కాదు. నా ప్రశ్న వలస పాలనలో ఇంగ్లీషు ఎవరితో, ఎందుకు మాట్లాడిందన్నది కాబట్టి ఇంగ్లీషు శాఖే నాకు తగినదని, తెలుగు తెలిసినవారు అదే విశ్వవిద్యాలయంలో మరో శాఖలో ఉంటే వారి దగ్గర కూడా చదువుతానని ఒక పేరా రాశాను. ర్యాంకుల పట్టిక పక్కన పెట్టి, వలస కాలపు సాహిత్యం మీద, అనువాదం మీద కనీసం ఇద్దరు అధ్యాపకులు పనిచేస్తున్న ఆరు శాఖలను ఎంచుకున్నాను. ముందుగా ప్రొఫెసర్లకు మెయిళ్లు పెట్టి ఒప్పించాలని సైన్సు చదివే స్నేహితులు చెప్పారు గానీ, ఇంగ్లీషులో చేర్చుకునేది శాఖలోని కమిటీయే; నేను ఎవరికీ రాయలేదు.

రికమెండేషన్ లెటర్లు మూడు కావాలి. వీటి గురించి మనవాళ్లు బయటకు మాట్లాడరు గానీ మాట్లాడుకోవలసిన సంగతి. మొదటిసారి ఒక మాస్టారు, “నువ్వే రాసుకు తెచ్చేయమ్మా, నేను పంపించేస్తాను” అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. పని భారం, అలవాటు అలాంటివి. కానీ నా గురించి నేను రాసుకున్న పొగడ్తలో, నన్ను క్లాసులో చూసినవారికి మాత్రమే తెలిసే విషయం ఒక్కటీ ఉండదు. రెండోసారి ముగ్గురి దగ్గరికీ స్వయంగా వెళ్లాను. వ్యాసం, స్టేట్‌మెంట్, వారి క్లాసులో నేను రాసిన పాత పేపర్లు ఒక ఫైలులో పెట్టి ఇచ్చి, “మాస్టారూ, మీరు చూసిందే రాయండి, చిన్న లెటరైనా ఫర్వాలేదు, నేను చదవను” అన్నాను. పోర్టల్‌లో కూడా లెటరు చూసే హక్కు వదులుకుంటున్నానని గడి ఉంటుంది. దానికి టిక్కు పెట్టాను. ఒక లింకు మాస్టారి స్పామ్‌లోకి పోయింది. ఆయన్ని ఇబ్బంది పెట్టకుండా సెలవు రోజున ఇంటికి వెళ్లి, కంప్యూటరు ముందు కూర్చుని ఆ మెయిలు వెతికి చూపించి, లెటరు ఎక్కించేటప్పుడు వరండాలోకి వచ్చేశాను.

ఇక మార్కులు. నా ఎం.ఏ. 64 శాతం వాళ్ల కంటికి తక్కువగా కనిపిస్తుందేమోనని భయపడి, మొదటిసారి దాన్ని వాళ్ల నాలుగు పాయింట్ల గ్రేడు లెక్కలోకి మార్చి రాశాను. చాలా పోర్టళ్లలో మార్చవద్దని, మార్కుల పత్రంలో ఉన్నట్టే రాయమని ఉంటుంది. దరఖాస్తు దశలో స్కాను చేసిన ప్రతులు చాలు. ఫీజులు ఒక్కోచోట 75 నుంచి 125 డాలర్ల మధ్య ఉన్నాయి. మాఫీ అడుగుతూ నాలుగు శాఖలకు రాస్తే రెండు శాఖలు ఇచ్చాయి. మిగతా ఫీజులు మా బాబాయిగారి అబ్బాయి కార్డుతో కట్టాను, నా డెబిట్ కార్డు విదేశీ చెల్లింపులకు పనిచేయలేదు. గడువు డిసెంబరు 15 రాత్రి 11:59 అంటే, అమెరికా తూర్పు తీరపు లెక్కన మనకు 16వ తేదీ ఉదయం 10:29. ఆ ధైర్యంతో ఆలస్యం చేయవద్దు. 14వ తేదీకే అన్నీ పంపేశాను.

జనవరి చివర ఒక శాఖ జూమ్‌లో ఇరవై నిమిషాల ఇంటర్వ్యూ చేసింది. మనకు అప్పుడు రాత్రి పదకొండున్నర. 1909 ప్రతిని కాకుండా 1897 ప్రతిని ఎందుకు ముందు పెట్టుకున్నావని ఒకరు అడిగారు. ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడని పిల్లలకు వ్యాసం రాయడం ఎలా నేర్పిస్తావని ఇంకొకరు అడిగారు. ఏడేళ్లుగా నేను చేస్తున్న పని అదే కాబట్టి, మా ఇంటర్ పిల్లల రాతల గురించి మాట్లాడుతుంటే సమయం ఎలా గడిచిందో తెలియలేదు. మార్చి మొదటి వారంలో అదే శాఖ వెయిట్‌లిస్టులో పెట్టినట్టు తెలిపింది. ఇంకా ఆసక్తి ఉందని నాలుగు వాక్యాల్లో జవాబు రాసి ఊరుకున్నాను.

ఏప్రిల్ 15 అన్న తేదీని వెయిట్‌లిస్టులో ఉన్నవారు గుర్తుపెట్టుకోవాలి. ఆర్థిక సాయంతో సీటు ఇచ్చిన విద్యార్థిని ఆ తేదీకి ముందు జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదని అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం ఉంది. చాలా విశ్వవిద్యాలయాలు దానిపై సంతకం చేశాయి. అందువల్ల రెండు మూడు సీట్లు చేతిలో ఉన్నవారు చివరి రోజుల్లో కొన్ని వదులుకుంటారు, ఆ ఖాళీలు వెయిట్‌లిస్టుకు వస్తాయి. ఒక్కొక్క శాఖ ఏడాదికి చేర్చుకునేది పదిమంది లోపే కావడంతో ఒక్క ఖాళీ వచ్చినా దాని విలువ చాలా ఎక్కువ. ఏప్రిల్ 14 రాత్రి పదకొండు దాటాక మెయిలు వచ్చింది. ఆఫర్ లెటరులో స్టైపెండు తొమ్మిది నెలలకే రాసి ఉంది. వేసవి మూడు నెలలకు ఏముంటుందని అడిగి, జవాబు చూసుకుని, మర్నాడు ఒప్పుకుంటున్నట్టు రాశాను. మా అమ్మ నిద్రలేచి వచ్చి, “ఇదైనా సరిగ్గా చదివావా?” అని రెండుసార్లు అడిగింది.

సీటు ఖాయమయ్యాక అసలు ట్రాన్స్‌క్రిప్టులు (అధికారిక మార్కుల పత్రాలు), సీలు వేసిన కవరులో, నేరుగా మనం చదివిన విశ్వవిద్యాలయం నుంచే వెళ్లాలి. దీనికి మాత్రం ముందుగానే మొదలుపెట్టండి. నాకు చలాను కట్టిన రోజు నుంచి కవరు సిద్ధమయ్యేసరికి ఆరు వారాలు పట్టింది, మూడుసార్లు వెళ్లిరావలసి వచ్చింది. మూడోసారి ఒక పెద్దాయన కాగితాలు సరిచూసి, కవరు అంటించి, మూత మీద సగం, కవరు మీద సగం పడేలా రబ్బరు స్టాంపు మూడుచోట్ల వేసి, స్టాంపు మీదుగా సంతకం చేసి, సిరా ఆరేదాకా బల్ల మీదే ఉంచారు. “ఏం చదవడానికమ్మా?” అని అడిగితే, ఇంగ్లీషు అని చెప్పాను. ఆయన తల ఊపి, చిరునామా ఇంకొకసారి చదివి, కవరు కొరియరువాడి చేతికి ఇచ్చారు.