మీడ్ భయపడిన దీవిలో

మారిషస్‌కి బీచ్‌ల కోసం వెళ్లేవాళ్లే ఎక్కువ. ఆ దేశపు లెక్కలు చూడాలనుకుంటే మాత్రం పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్ నుంచి మొదలుపెట్టాలి. టికెట్ లేదు. 1834 నుంచి 1920 దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది కూలీలు ఒప్పందం మీద ఈ దీవికి చేరారు. వాళ్లలో కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కిన మనవాళ్లూ ఉన్నారు. ఉగాదికి అక్కడ ఇప్పటికీ ప్రభుత్వ సెలవు.

1960లో బ్రిటిష్ ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ బృందం వచ్చేనాటికి జనాభా ఆరున్నర లక్షలు. మలేరియా పోవడంతో చావులు తగ్గాయి, కాన్పులు తగ్గలేదు. జనం ఏటా మూడు శాతం చొప్పున పెరుగుతున్నారు. ఎగుమతంటే చక్కెరే. ఆ ఏడాదే ఎలిక్స్, కరోల్ తుఫాన్లు చెరకుని నేలమట్టం చేశాయి. శాంతియుతంగా బాగుపడే అవకాశం తక్కువని మీడ్ 1961లో తేల్చేశాడు. జననాల తీరు మారకపోతే శతాబ్దం చివరికి జనాభా 30 లక్షలకి చేరుతుందని, అప్పుడే వచ్చిన మరో బ్రిటిష్ నిపుణుడు టిట్‌మస్ బృందం హెచ్చరించింది. 2000లో తీరా చూస్తే 12 లక్షలు కూడా లేరు.

ఘాట్‌ని ఆనుకునే ఇమిగ్రేషన్ స్క్వేర్ బస్టాండు. ఉత్తరం వైపు బస్సులు అక్కడే దొరుకుతాయి. పాంప్లెమూస్ బస్సెక్కితే 1999లో మూతపడ్డ బో ప్లాన్ చక్కెర మిల్లు చూడొచ్చు, ఇప్పుడది మ్యూజియం. దారిలో చెరకు తోటల మధ్య నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. అవన్నీ కూలీలు చేత్తో ఏరి పేర్చిన అగ్నిపర్వతపు రాళ్లు. మిల్లులో యంత్రాలు బాగుంటాయి గానీ, నన్నడిగితే ఆ గుట్టల దగ్గరే ఎక్కువసేపు నిలబడాలి.

మీడ్ లెక్క తప్పని అందరూ తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. కుటుంబ నియంత్రణ కావాలన్నదీ ఆయనే, ఆ పని జరిగింది. ఆడపిల్లలు చదువుకున్నారు, పెళ్లిళ్లు ఆలస్యమయ్యాయి. 1960 ప్రాంతంలో తల్లికి సగటున ఆరుగురు పిల్లలుంటే, 1970ల తొలి ఏళ్లకి ఇంచుమించు సగమయ్యారు. బట్టల ఫ్యాక్టరీల జోరు ఆ తర్వాతిది. 1970 చట్టం ఎగుమతి పరిశ్రమలకి పన్నులు, సుంకాలు మినహాయించింది. ఎగుమతుల కోసమంటూ ప్రహరీ కట్టిన జోన్ లేదు, దీవిలో ఎక్కడైనా ఫ్యాక్టరీ పెట్టుకోవచ్చు. 1975 నుంచి యూరప్ ఏటా 5 లక్షల టన్నుల చక్కెర ఖాయమైన ధరకి కొంది. ఆ డబ్బులో కొంత కుట్టుమిషన్లలోకి మళ్లింది. మీడ్ ఊహకి అందనిది ఇదే.

అయితే రెండు ఆసరాలూ పోయాయి. 2005లో పెద్ద దేశాల బట్టల్ని అడ్డుకుంటూ వచ్చిన కోటాలు, 2009లో చక్కెర ఒప్పందం ముగిశాయి. మిగిలిన చక్కెర మిల్లులు మూడే. పోర్ట్ లూయిస్‌లోని విక్టోరియా స్టేషన్లో మెట్రో ఎక్కి, రోజ్ హిల్‌లో మారి ఎబెన్‌లో దిగితే ఆఫీసు భవనాలు కనిపిస్తాయి. కొత్త సంపాదన అక్కడుంది. వీధిలో తినే ధోల్ పూరీకి, అంటే పప్పు కూరిన రొట్టెకి, గోధుమలూ, బటానీ పప్పూ మాత్రం ఓడలోనే రావాలి. జతగా ఇస్తారు, ఒకటి అడిగితే వింతగా చూస్తారు.

ఇప్పటి బెంగ తలకిందులైంది. తల్లికి సగటున ఒకటిన్నర మంది పిల్లలు కూడా లేరు. ఫ్యాక్టరీల్లో బంగ్లాదేశ్, మడగాస్కర్ కూలీలు పనిచేస్తున్నారు. అరవై ఏళ్లకి అందరికీ ఇచ్చే పింఛను వయసుని అంచెలంచెలుగా 65కి పెంచుతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు, దానిమీద పెద్ద గొడవే అయింది.