అరుంధతికి మూడు మిల్లీమీటర్లు

ఆషాఢ ఆదివారం. పొద్దున్నుంచీ హైదరాబాద్ మీద మబ్బు విడవలేదు. ఉత్తరాన ముసలవ్వ మంచం, అంటే సప్తర్షి మండలం, కనబడదు కాబట్టి, దాన్ని పూసలతో గదిలోనే వేలాడదీసే పని.

కాగితం మీద సప్తర్షుల బొమ్మకి, చుక్క ఆకాశంలో అడ్డంగా, నిలువుగా ఎక్కడుందో చెప్పే రెండు కోణాలు చాలు. ఆకాశాన్ని పంచుకుని పటం గీసిన అంతర్జాతీయ పథకంలో హైదరాబాద్ నిజామియా వేధశాల తన వాటా చుక్కలకి గాజు ప్లేట్ల మీద కొలిచిందీ అవే. శిల్పానికి లోతు కావాలి. అది హిప్పార్కస్ ఉపగ్రహం ఇచ్చిన పారలాక్స్‌లో, అంటే భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు చుక్క జరిగినట్టు కనిపించే చిన్న కోణంలో, ఉంది. 1000ని ఆ కోణం మిల్లీ ఆర్క్‌సెకన్లతో (ఒక్కోటి డిగ్రీలో 36 లక్షల వంతు) భాగిస్తే పార్సెక్‌లనే దూరపు కొలత, వాటిని 3.26తో గుణిస్తే కాంతి సంవత్సరాలు. పులహుడికి 40.9 ఉంది, అంటే దూరం 80. మరీచి 104, క్రతువు 123. మిగతా నలుగురూ 80–86 మధ్యే. కాంతి సంవత్సరానికి సెంటీమీటరు చొప్పున పెడితే మంచం కోళ్లలో ఒకటి మిగతావాటికి 40 సెం.మీ. వెనక్కి పోతుంది!

ఎక్కువమంది తప్పేది ఇక్కడే: రైట్ అసెన్షన్‌లో (ఆకాశంలో తూర్పు–పడమర కోణం, గంటల్లో కొలుస్తారు) గంటకి 15 డిగ్రీలని అలాగే గీసేస్తారు. 56 డిగ్రీల డిక్లినేషన్ (ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరానికి కోణం) దగ్గర గంట వెడల్పు 15 × కొసైన్ 56, అంటే 8.4 డిగ్రీలే. కొసైన్ మరిస్తే మంచం దాదాపు రెండింతలు సాగుతుంది. రెండోది, ప్లైవుడ్ పలక పైవైపు గీసి, తిరగేసి బిగించడం. కుడి ఎడమవుతుంది.

ఇత్తడి పూసలు బేగంబజార్‌లో దొరుకుతాయి. పెద్దవి 4 మి.మీ., మసకగా ఉండే అత్రికి 2. ఇంత తేలిక పూసలకి నైలాన్ దారం చుట్ట విప్పుకోదు. కింద 20 గ్రాముల సీసపు గుండు కట్టాలి. బరువుకి దారం సాగుతుంది కనుక రెండు రోజులు ఆగాకే పూస బిగించాలి. క్విక్ జిగురు వద్దు, ఈ చెమ్మలో తెల్లగా పూస్తుంది. నగల పనివాళ్ల నొక్కుడు పూసే నయం. ఫ్యాన్ సంగతి చెప్పక్కర్లేదు.

అసలు పేచీ అరుంధతితో. వసిష్ఠుడికీ ఆమెకీ మధ్య ఆకాశంలో 12 ఆర్క్‌నిమిషాలు (డిగ్రీలో ఐదో వంతు), ఇక్కడ 3 మి.మీ. కూడా నిండదు. 4 మి.మీ. పూస వేస్తే ఆయన ఆమెని దాదాపు ఆనుకుని కనిపిస్తాడు. అందుకే ఆయనకి 3, ఆమెకి 1. లోతులో 4 సెం.మీ. తేడా వస్తోంది గానీ దాన్ని నమ్మలేం. వసిష్ఠుడు ఒక చుక్క కాదు, జంటల గుంపు. ఆ కొలత కదులుతుంది. ఇద్దరినీ 82 దగ్గరే పెట్టాం.

ఈ మంచాన్ని చూసేది 5 మి.మీ. రంధ్రంలోంచి, కొలిచిన దూరాలన్నీ అక్కణ్ణుంచే. ఒక కన్ను మూయాలి. రెండు కళ్ల మధ్య 6 సెం.మీ., అంటే ఈ గదిలో ఆరు కాంతి సంవత్సరాలు. రెండూ తెరిస్తే మంచం కూలిపోతుంది.