పెరట్లో మంట, ఇంట్లో వెచ్చదనం

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మేము కొనుక్కున్న పాత పల్లెటూరి ఇంటికి వేడి లోపలినుంచి కాక, పెరట్లో 50 అడుగుల దూరాన చిన్న గదిలా నిలబడిన కట్టెల బాయిలర్ నుంచి వస్తుంది. మన ఊళ్ళలో నీళ్ళకాగు కింద మంట పెట్టడం లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ మంటగది చుట్టూ ఉన్న నీరు దాదాపు 80 డిగ్రీల సెల్సియస్‌కు కాగి, వేడి పోకుండా పొరలు చుట్టి నేలలో పాతిన గొట్టాల గుండా పంపు సాయంతో ఇంట్లోకి వెళ్ళి, అక్కడి గాలికి తన వేడినిచ్చి తిరిగి వస్తుంది.

ఇంట్లో పొగ ఉండదు, కానీ అది బయటికి పోయి ఎవరిని బాధిస్తుందన్న ప్రశ్న నన్ను వదలలేదు. నీరు చాలినంత వేడెక్కగానే గాలిదారి మూసుకుని మంట మగ్గిపోతుంది. కట్టె పచ్చిదైతే అప్పుడు దట్టమైన పొగ పొట్టి పొగగొట్టంనుంచి నేలబారుగా పాకుతుంది. మొదటి శీతాకాలంలో అరకొరగా ఎండిన ఓక్ దుంగలు వేసి, పక్కింటి పెద్దావిడకు దగ్గు తెప్పించాను. ఆ రోజు తలుపు తెరిచి చూస్తే దుంగల కొసలనుంచి నీరు నురగలు కక్కుతూ బుసబుసమంటోంది. ఇప్పుడు చీల్చిన ఓక్‌ను రెండు వేసవులు ఎండనిచ్చి, మీటరు గుచ్చి తేమ 20 శాతంలోపు ఉందని చూశాకే వాడుతున్నాను. అమెరికాలో కొత్తగా అమ్మే ఇలాంటి బాయిలర్లకు 2020 నుంచి పొగ పరిమితులు మరింత కఠినమయ్యాయి. మాది అంతకు ముందుది కాబట్టి, దాన్ని మార్చడానికి డబ్బు కూడబెడుతున్నాము.