మణిపూర్ రోడ్ స్టేషన్ నుంచి కోహిమా దాకా

నాగాలాండ్‌లో దిమాపూర్ నుంచి కోహిమా డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు, అంతే. షేర్ సుమోలో పొద్దంతా పట్టేట్టు కనిపించింది. రోడ్డు పని ఉందని ఒకచోట, కొండచరియ జారిందని ఇంకోచోట ఆపేశారు. మోకాళ్ల నొప్పులని ఎక్కువ డబ్బిచ్చి ముందు సీటు తీసుకుంటే, డ్రైవరు అందులోనే ఇంకొక పెద్దావిడను ఇరికించాడు. ఒళ్లు మండిపోయింది.

ఆవిడే మాట కలిపింది, హిందీలో. ఒంటరిగా ఎందుకొచ్చావంది. మా మేనత్త 1944లో, జపాన్ సైన్యంతో ఇక్కడ యుద్ధం జరిగినప్పుడు, మిలిటరీ నర్సుగా పనిచేసిందని చెప్పాను. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకున్న పిల్ల, పెళ్లి సంబంధాలు వదిలేసి ఇంత దూరం వచ్చింది. దిమాపూర్ స్టేషన్‌ను చివరిదాకా మణిపూర్ రోడ్ అనే అనేది. అప్పట్లో దాని పేరు అదే.

అత్తయ్య తుపాకుల గురించి చెప్పేది కాదు. గాయాలకన్నా మలేరియా, విరేచనాలతో వచ్చినవాళ్లే ఎక్కువనేది. బురదలో నానిన బూట్లు కోసి తీస్తే చర్మం కూడా ఊడొచ్చేదట. తెలుగు సిపాయిలెవరైనా ఉంటే డ్యూటీ అయ్యాక వాళ్ల ఇళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేది. ఇంకొకటి మాత్రం ఎన్నిసార్లో చెప్పింది: కొండ మనుషులు గాయపడ్డవాళ్లను మోసుకుని దించేవారని, వాళ్లు లేకపోతే సగంమంది దారిలోనే పోయేవారని.

అది చెప్పగానే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. వాళ్ల నాన్న స్ట్రెచర్లు మోశాడట. "మా నాన్న దించినవాళ్లకు మీ అత్త కట్లు కట్టి ఉంటుంది" అంది. అంతమందిలో అలా జరిగిందని ఎవరు చెప్పగలరు? అయినా నాకు ఏడుపొచ్చేసింది. తర్వాత ట్రాఫిక్ ఎంతసేపు ఆగిందో పట్టించుకోలేదు.

కోహిమా యుద్ధ శ్మశానం చాలా శుభ్రంగా ఉంది. 1,420 సమాధులు, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికులకు వేరే స్మారకం. బ్రిటిష్ ఇండియా, జపాన్ సైన్యాలు ఎదురుబొదురుగా పోరాడిన టెన్నిస్ కోర్టు గీతలు కూడా కాపాడారు. ఆ పేర్లలో మనవైపు పేర్ల కోసం ఎండలో చాలాసేపు వెతికాను.

తిరుగు దారిలో దిమాపూర్‌లో మాత్రం, అత్తయ్య పనిచేసిన ఆసుపత్రి జాడ చెప్పే బోర్డు ఒక్కటీ నాకు కనపడలేదు. అడిగినవాళ్లకూ తెలియలేదు. చనిపోయినవాళ్ల పేర్లు రాతిమీద ఉండాల్సిందే. బతికించి ఇంటికి పంపినవాళ్ల కోసం స్టేషన్ దగ్గర ఒక రేకు బోర్డయినా పెట్టాలి. అత్తయ్య పేరు అక్కర్లేదు, ఇక్కడ ఆసుపత్రి ఉండేదని రాస్తే చాలు.