శంకరాభరణంలోంచి గిటార్ కార్డ్స్

మెల్‌బోర్న్‌లో మా అబ్బాయి బడిలో గిటార్ నేర్చుకుంటున్నాడు, ఇంట్లో నా దగ్గర కర్ణాటక సంగీతం తొలి పాఠాలైన సరళీస్వరాలు, జంటస్వరాలు పాడుతున్నాడు. ఇవి ఒకదానికొకటి సంబంధం లేని చదువులని వాడికి అనిపించకూడదని నా పట్టుదల. అందుకే కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి, ఎలా పుడతాయో స్వరాలతోనే చెప్పాను.

గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే మెట్లే ఫ్రెట్లు. ఒక ఫ్రెట్ జరిగితే ఒక స్వరస్థానం మారుతుంది, పన్నెండో ఫ్రెట్‌కి పై షడ్జమం (స) వస్తుంది. పాశ్చాత్య సంగీతంలోని మేజర్ స్కేలులో ఉన్నవి 29వ మేళకర్త (స, ప సహా ఏడు స్వరాలూ ఉండే మూలరాగం) ధీరశంకరాభరణం స్వరాలే. వాటిలో ఒకటి విడిచి ఒకటి తీసుకోమన్నాను. స, గ, ప. షడ్జమం నుంచి నాలుగు ఫ్రెట్లకు అంతర గాంధారం, అక్కణ్ణుంచి మూడు ఫ్రెట్లకు పంచమం. పాశ్చాత్యుల ‘సి’ స్వరం షడ్జమం అయితే ఇదే సి మేజర్. రి, మ, ద తీస్తే ముందు మూడు, తర్వాత నాలుగు: డి మైనర్. మిగతావి వాడే కాగితం మీద వేసుకుంటూ పోయి ని, రి, మ దగ్గర ఆగాడు.

"అమ్మా, ఇక్కడ రెండూ మూడేసే వస్తున్నాయి."

అదే డిమినిష్డ్ కార్డ్. నిషాదాన్ని షడ్జమం చేసుకుంటే ఈ రాగంలో దానికి పంచమం దొరకదు, ఒక మెట్టు కిందున్న ప్రతిమధ్యమం దొరుకుతుంది. ని మీద గ్రహభేదం చేస్తే, అంటే నిషాదాన్ని షడ్జమంగా పెట్టుకుని అవే స్వరాలు పాడితే, మేళకర్త రాకపోవడానికి కారణం కూడా ఇదే. నా చిన్నప్పుడు బట్టీపట్టిన ఈ విషయం గిటార్ మీద కళ్ళకు కనబడింది.

‘ఈ’ మేజర్ పట్టుకుని, మూడో తీగ మీద మొదటి ఫ్రెట్‌లో ఉన్న వేలు ఎత్తితే ‘ఈ’ మైనర్ అవుతుంది. అంతర గాంధారం ఒక మెట్టు దిగి సాధారణ గాంధారమైంది, అంతే. ఆ ఒక్క వేలు ఎత్తుతూ, దించుతూ వాడు చాలాసేపు కూర్చున్నాడు. మాయామాళవగౌళ రాగం ఇంకా ఆశ్చర్యం. అందులో స-గ-ప ఒక మేజర్, శుద్ధ రిషభం నుంచి రి-మ-ద ఇంకో మేజర్, మధ్య దూరం ఒక్క ఫ్రెట్. వాడు బడిలో వాయించే పాటల్లో ఈ రెండూ పక్కపక్కన వచ్చిందే లేదు.

కార్డ్ పెట్టకూడని చోట్లు కూడా పిల్లలకు చెప్పాలి. తోడి రాగంలో గాంధారం ఊగుతూ ఉంటుంది. దాని కింద కదలని గాంధారంతో కార్డ్ మోగిస్తే రాగం చెడుతుంది. అక్కడ స, ప చాలు, తంబూరా లాగా. ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు పాశ్చాత్య బాణీల్లో శంకరాభరణ స్వరాలతో కట్టినవి, వాటిలో స్వరాలు నేరుగా నిలుస్తాయి కాబట్టి కార్డ్స్ హాయిగా కుదురుతాయి. ఇప్పుడు ఒకటి పట్టుకున్నాం. నేను పాడతాను, వాడు వాయిస్తాడు. నా శ్రుతి ఐదు, అంటే షడ్జమం జి. షడ్జమం సి అయితే వాయించే సి, ఎఫ్, జి కార్డ్స్ బదులు జి, సి, డి వాయించాలి. స, మ, ప ఎక్కడున్నాయో తెలుసు కనుక ఆ మార్పు వాడే లెక్కేసుకున్నాడు. వేళ్ళు నొప్పెట్టే ఎఫ్ తప్పినందుకు వాడి సంతోషం ఇంతా అంతా కాదు.