సొంతంగా బిగించిన తొలి కంప్యూటర్: వేగం సరిచూసిన వివరాలు

విడిభాగాలు తెచ్చి బిగించిన నా తొలి కంప్యూటర్‌లో విండోస్, డ్రైవర్లు ఎక్కించడం పూర్తయింది కనుక, ప్రతి భాగమూ దాని పెట్టె మీద రాసి ఉన్న వేగంతోనే నడుస్తోందో లేదో తేల్చుకునే పని మొదలుపెట్టాను. తెర వెలిగినంత మాత్రాన వేగం సరిగా ఉన్నట్టు కాదు. తక్కువ వేగంతో నడిచే భాగం ఏ హెచ్చరికా చూపదు, ఎన్నేళ్లయినా అలాగే నడిచిపోతుంది. ఇందులో రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, 6000 వేగం (సెకనుకు ఎన్ని పది లక్షల సార్లు డేటా పంపుతుందో చెప్పే అంకె) గల 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ స్టిక్కులు రెండు, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, పీసీఐఈ 4.0 (భాగాలను మదర్‌బోర్డుకు కలిపే లింకులో నాలుగో తరం) మీద నడిచే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు చూడవలసింది ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే 4800 అని కనిపించింది. ఇది లోపం కాదు. డీడీఆర్5 ర్యామ్ ఏ బోర్డులోనైనా నమ్మకంగా లేవడానికి ముందుగా ప్రామాణిక వేగంతోనే మొదలవుతుంది, 6000 కావాలంటే బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ఎక్స్‌పో ప్రొఫైల్‌ను, అంటే ర్యామ్‌లోనే తయారీదారు రాసిపెట్టిన వేగం సెట్టింగులను, మనమే ఆన్ చేయాలి. ఇంటెల్ బోర్డుల్లో ఇదే పని ఎక్స్‌ఎంపీ చేస్తుంది. ఆన్ చేసి సేవ్ చేశాక తెర చాలాసేపు నల్లగానే ఉండిపోయింది. ఆ సమయంలో బోర్డు కొత్త వేగానికి తగిన టైమింగులను (ర్యామ్‌తో డేటా ఇచ్చిపుచ్చుకునే సమయాలను) పరీక్షించి కుదుర్చుకుంటుంది, దానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు కనుక, కంగారుపడి పవర్ ఆపకుండా వేచి ఉండాలి. తిరిగి లేచాక టాస్క్ మేనేజర్ 6000 చూపింది. భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో మాత్రం 3000 మెగాహెర్ట్జ్ అని ఉంటుంది. డీడీఆర్ ర్యామ్ ఒక్కో క్లాకుకు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి రెండూ ఒకే వేగం. రెండు ఛానెళ్లూ (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే రెండు దారులూ) వాడుకలోకి వచ్చేలా స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో ఉన్నాయని కూడా సరిచూసుకున్నాను.

లెక్క ప్రకారం రెండు ఛానెళ్ల మీద 6000 వేగానికి సెకనుకు 96 జీబీ రావాలి. వేగం కొలిచే ఐడా64 ప్రోగ్రామ్‌లో ర్యామ్ నుంచి చదివే వేగం 60 జీబీ దగ్గరే ఆగింది. ఈ తేడాకు కారణం ర్యామ్‌లో లేదు: ఒకే కోర్ చిప్లెట్ (కోర్లుండే చిన్న చిప్పు) ఉన్న ఈ ప్రాసెసర్‌లో, ఆ చిప్లెట్‌కు ర్యామ్ డేటాను చేర్చే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అనే లోపలి లింకు 2000 మెగాహెర్ట్జ్ వద్ద క్లాకుకు 32 బైట్లు మాత్రమే తెస్తుంది, అంటే 64 జీబీయే దాని గరిష్ఠ పరిమితి. కొలత బాగుందో లేదో చెప్పాలంటే ఇలాంటి పరిమితి ఎక్కడుందో ముందు తెలియాలని నా గట్టి అభిప్రాయం. లేకపోతే సవ్యంగా ఉన్న ర్యామ్‌ను విప్పి బిగిస్తూ కూర్చోవలసి వస్తుంది.

ప్రాసెసర్‌కు సినీబెంచ్ ఆర్23 అనే వేగ పరీక్షను పది నిమిషాలు ఆపకుండా నడిపి, పక్కన వేడి, విద్యుత్తు అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉంచాను. అన్ని కోర్లూ 4.9 గిగాహెర్ట్జ్ దగ్గర నిలకడగా ఉన్నాయి, విద్యుత్తు 88 వాట్ల పరిమితి లోపలే ఉంది, వేడి 78 డిగ్రీలు దాటలేదు. దీని హద్దు 95 డిగ్రీలు కనుక కూలర్ సరిగా కూర్చున్నట్టే. స్కోరు 14,000 దరిదాపుల్లో వచ్చింది. పెట్టె మీది 5.1 గిగాహెర్ట్జ్ ఒకటి రెండు కోర్లకే పని ఉన్నప్పుడు కనిపించే అంకె, అన్ని కోర్ల మీదా దాన్ని ఆశించకూడదు.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర, దాని వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ మొదట పీసీఐఈ 1.1 అని చూపింది. ఖాళీగా ఉన్నప్పుడు కార్డు విద్యుత్తు ఆదా కోసం లింకు వేగాన్ని తగ్గించుకుంటుంది. ఆ గడి పక్కనున్న ప్రశ్నార్థకం గుర్తు నొక్కి రెండర్ పరీక్ష మొదలుపెట్టగానే అంకె కళ్ల ముందే 4.0కి మారింది. లేన్లు (పీసీఐఈ లింకులోని డేటా దారులు) 16కు బదులు 8 అని ఉండడం సహజమే, ఈ కార్డు తయారైందే ఎనిమిది లేన్లతో. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాక కార్డుకే తగిలించి ఉండాలి. డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే అంకె) 60 దగ్గరే ఉండిపోతే, 144 హెర్ట్జ్ మానిటర్ అయితే 144కు మార్చుకోవాలి.

ఎస్‌ఎస్‌డీకి క్రిస్టల్‌డిస్క్‌మార్క్ అనే వేగ పరీక్షలో వరుసగా చదివే వేగం సెకనుకు 6,900 ఎంబీ పైన వచ్చింది. 3,500 దగ్గర ఆగితే దాన్ని పీసీఐఈ 3.0 స్లాట్‌లో పెట్టామేమోనని మదర్‌బోర్డు మాన్యువల్ చూసుకోవాలి.

వేగం పెంచిన ర్యామ్ తప్పులు లేకుండా పనిచేస్తోందని తేలే వరకు పై కొలతలన్నీ అసంపూర్ణమే కనుక, ర్యామ్‌లో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి నాలుగు పాస్‌లూ పూర్తయ్యే దాకా రాత్రంతా నడవనిచ్చాను. ఒక్క తప్పూ రాలేదు. ఒక్కటి వచ్చినా ర్యామ్ వేగాన్ని ఒక మెట్టు తగ్గించి మళ్లీ మొదటి నుంచి పరీక్షించేవాణ్ణి. ఈ అంకెలన్నిటినీ బయోస్ వెర్షన్‌తో సహా ఒక ఫైల్‌లో రాసిపెట్టాను. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు ఎక్స్‌పో సెట్టింగ్ ఆఫ్ అయిపోవడం మామూలే కాబట్టి, అప్‌డేట్ తర్వాత ముందుగా ఆ 6000 అంకెనే సరిచూస్తాను.