రాఖ్మానినోవ్ రెండో సింఫనీ: పాత ఎల్పీని చివరిదాకా సరిగ్గా వినగలిగేలా చేసుకున్న నా అనుభవం

రష్యన్ సంగీతకర్త రాఖ్మానినోవ్ ఆర్కెస్ట్రా కోసం నాలుగు భాగాలుగా రాసిన ఈ రెండో సింఫనీని కట్స్ (కోతలు) లేకుండా వాయిస్తే గంట దగ్గర పడుతుంది. దాన్ని ఒకే ఎల్పీలో పెట్టారంటే ఒక్కో సైడ్‌కి దాదాపు అరగంట సంగీతం, మామూలుగా ఇరవై చిల్లర నిమిషాలకే సైడ్ నిండుతుంది, అందుకని గాడులు బాగా దగ్గర దగ్గరగా వేయాలి, సౌండ్ లెవెల్ కూడా తగ్గించాలి. నాకు లండన్‌లో ఒక ఛారిటీ షాపులో దొరికింది కండక్టర్ ఆంద్రే ప్రెవిన్ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో 1973లో ఈఎంఐ రికార్డు కంపెనీకి చేసిన రికార్డింగ్, లేబుల్ మీద మన ఇళ్ళల్లో పాత తెలుగు పాటల రికార్డుల మీద ఉండే అదే హెచ్‌ఎంవి కుక్క బొమ్మ. గీతలు పెద్దగా లేవు కానీ దుమ్ము, వేలిముద్రలు, కవరు నుంచి చెమ్మ వాసన. పెట్టగానే ఒకటే చిటపట. మొదట్లో చెల్లోలు, బేస్‌లు (వయొలిన్ జాతిలోనే పెద్ద వాయిద్యాలు) చాలా మెల్లగా, కింది స్వరాల్లో మొదలుపెడతాయి కదా, అదసలు వినిపిస్తేనా!

ముందు కడగడం. డిస్టిల్డ్ వాటర్ నాలుగు వంతులు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒకే ఒక్క చుక్క. మధ్యలో లేబుల్ తడవకుండా ప్లాస్టిక్ మూత ఒకటి అడ్డం పెట్టుకుని, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడుల వెంబడే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా మాత్రం రుద్దకూడదు. ఆ తర్వాత వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. ఆరాక లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తే మసకగా ఉన్న చోటల్లా నల్లగా నిగనిగలాడుతోంది, చెప్పొద్దూ, చాలా ముచ్చటేసింది. పాత కవరులోనే పెడితే మళ్ళీ అదే దుమ్ము అంటుకుంటుంది కాబట్టి లోపలి కవరు కొత్తది వేశా. ఇంకో మాట, మీ ఇంట్లో తాతల నాటి 78 రికార్డులు ఉంటే వాటికి ఆల్కహాల్ తగలనివ్వకండి, అవి లక్కతో చేసినవి, పాడైపోతాయి.

ఇంత కష్టం ఈ రికార్డింగ్ కోసమే ఎందుకు అంటే, రాఖ్మానినోవ్ కథ తెలిస్తే మీకూ అలాగే అనిపిస్తుంది. 1897లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గ్లజునోవ్ అనే ఇంకో సంగీతకర్త కండక్ట్ చేసిన ఆయన మొదటి సింఫనీ ఘోరంగా ఫెయిలైంది, విమర్శకుడు సీజర్ కూయి దాన్ని బైబిల్లో ఈజిప్టు మీద పడ్డ ఉపద్రవాలతో పోల్చి మరీ రాశాడు. ఆ దెబ్బకి రాఖ్మానినోవ్ దాదాపు మూడేళ్ళు చెప్పుకోదగ్గదేదీ రాయలేకపోయాడు, డాక్టర్ నికొలాయ్ దాల్ దగ్గర ట్రీట్‌మెంట్ తీసుకుని కోలుకున్నాకే రెండో పియానో కన్చెర్టో (పియానోకి ఆర్కెస్ట్రా తోడుండే రచన) వచ్చింది. మళ్ళీ సింఫనీ జోలికి వెళ్ళడానికి 1906 దాకా పట్టింది, భార్యాబిడ్డలతో డ్రెస్డెన్ వెళ్ళి అక్కడ కూర్చుని రాశాడు, 1908లో అదే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తనే కండక్ట్ చేశాడు, ఈసారి జనం నెత్తిన పెట్టుకున్నారు. అంతా అయ్యాక కూడా పొడుగెక్కువని చాలా ఏళ్ళు దీన్ని కోసి కోసి వాయించారు, ఆయన కూడా ఆ కోతలకి ఒప్పుకున్నాడు. నాకైతే ఆ కోతలు బాధగానే ఉంటాయి, ఎందుకంటే ఈ సంగీతం మెల్లగా పోగుపడుతూ పైకి లేస్తుంది, మధ్యలో మెట్లు తీసేస్తే పైకెక్కిన ఫీలింగే రాదు. ప్రెవిన్ కోతలు లేకుండా వాయించాడు, అందుకే ఈ ప్లేటు.

కడిగాక చిటపట చాలా తగ్గింది కానీ రెండో సైడ్ చివర్లో గరగర మాత్రం పోలేదు. దానికి కారణం వేరే. రికార్డు తిరిగే స్పీడ్ ఒకటే, నిమిషానికి 33⅓ చుట్లు, కానీ బయటి అంచు దగ్గర ముల్లు కింద సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్ల గాడి పోతుంటే లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది, అంటే అదే శబ్దాన్ని సగం కంటే తక్కువ చోటులో ఇరికించాలి. మొదటి సైడ్‌కి ఇది పెద్ద ఇబ్బంది కాదు, దాని చివర్లో వచ్చే రెండో మూవ్‌మెంట్ (భాగం) సద్దుమణిగిపోతూ నెమ్మదిగా ముగుస్తుంది. రెండో సైడ్ ముగిసేది ఫినాలేతో, అంటే ఆఖరి భాగంతో, ఆర్కెస్ట్రా మొత్తం గొంతెత్తేది సరిగ్గా అక్కడే.

అందుకని ముల్లు సంగతి పట్టుకున్నా. గుండ్రటి మొన ఉన్నది తీసేసి ఎలిప్టికల్ (కోలగా ఉండే మొన) వేయించా, అలైన్‌మెంట్ పేపర్ ప్రింట్ తీసి ప్లేటు మీద పెట్టి, కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే చిన్న భాగం) స్క్రూలు కొంచెం వదులు చేసి, ముల్లు ఆ పేపర్ మీదున్న రెండు చుక్కల దగ్గరా గీతకి సమానంగా వచ్చేదాకా వెంట్రుకవాసి జరుపుతూ బిగిస్తూ కూర్చున్నా, మెడ పట్టేసింది గానీ ఇది తొందరపడితే అయ్యే పని కాదు. ముల్లు రికార్డు మీద మోపే బరువు చిన్న డిజిటల్ కాటాతో చూసి రెండు గ్రాములకి పెట్టా, నా కార్ట్రిడ్జ్‌కి కంపెనీ చెప్పింది అదే.

సౌండ్ శుభ్రపడ్డాక నెమ్మది చోట్ల అడుగున ఎక్కడో గుర్రుమని వచ్చి పోతున్న శబ్దం బయటపడింది. మోటారో, బేరింగో అనుకుని వేరే రికార్డు పెట్టి చూస్తే లేదు. ఈ రికార్డింగ్ జరిగింది లండన్ కింగ్స్‌వే హాల్‌లో, దాని కింద నుంచే పికాడిల్లీ లైన్ అనే భూగర్భ మార్గం రైళ్ళు వెళ్తాయి, అక్కడ చేసిన చాలా రికార్డుల్లో ఆ రైళ్ళ గుర్రు వినిపిస్తుందని ప్రసిద్ధి, ఇది కూడా అదే అని నా నమ్మకం. ఆ హాల్‌ని 1998లో కూల్చేశారు.

ఇక అడాజియో, అంటే నిదానంగా సాగే మూడో భాగం. అది రెండో సైడ్ మొదట్లో, అంటే గాడి వేగం ఎక్కువుండే బయటి అంచులో పడింది, ఎల్పీలో అంతకంటే మంచి చోటు లేదు. వయొలిన్లు కాసేపు పాడి తప్పుకున్నాక క్లారినెట్ ఒక్కటే అందుకుంటుంది, నిదానంగా, మన ఆలాపనలా ఎక్కడా తెగకుండా సాగుతుంది, వాయించింది జాక్ బ్రైమర్. ఇప్పుడు ఆయన ఊపిరి మళ్ళీ తీసుకునే చోట్లు కూడా తెలుస్తున్నాయి. ఆ అడాజియో పాటే ఫినాలే మధ్యలో మళ్ళీ తొంగి చూస్తుంది, అక్కడి దాకా చక్కగా ఉంది, చివరి రెండు నిమిషాల్లో కూడా ట్రంపెట్లు, హార్న్‌లు ముద్దగా కాకుండా విడివిడిగా వస్తున్నాయి. ఆఖరి కొన్ని గాడుల్లో మాత్రం సన్నటి గరగర మిగిలింది, అది ఎవరిదో పాత ముల్లు చేసిన అరుగుదల, కడిగితే పోదు. ఇంకో మంచి కాపీ కనబడితే అది కూడా తీసుకుంటా.